నీ పేరు వెతికితే

అక్కా,

నువ్వు పట్టిసీమ రేవులో కాలు జారి మునిగిపోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోటో పెట్టి నా బ్లాగులో నీ గురించి రాసుకుంటూ వచ్చాను. ఎవరో ఆ ఫోటో ఎత్తుకుపోయి, ప్రేమ విఫలమై గోదావరిలో దూకిన టీచరంటూ తన సైటులో కథ అల్లాడు. నెట్‌లో నీ పేరు వెతికితే మొదట అదే వస్తోంది. తీసెయ్యమని బతిమాలుతూ మెయిల్ పెట్టాను.

"జనం బాగా చూస్తున్నారండి, ఎలా తీస్తాం?" అని జవాబిచ్చాడు.

నిన్న అమ్మ అడిగింది. "పక్కింటావిడ ఏదో అంటోంది. అది దూకిందా ఏంటే? నా దగ్గర దాచావా?"

ఆ రోజు రేవులో నీ పక్కనే ఉన్నదాన్ని నేను. "జారిందమ్మా" అన్నాను. అమ్మ మొహం తిప్పుకుంది.

నీ ఫోటో ఇంకెవరికీ దొరక్కూడదని ఇవాళ నా బ్లాగంతా చెరిపేశాను. తర్వాత మళ్లీ నీ పేరు వెతికాను. ఇప్పుడు అతను రాసిందొక్కటే మిగిలింది.