నాన్న నేర్పిన గురి

నిజ్వా (ఒమన్), శుక్రవారం రాత్రి

ఇరవై ఏళ్ల తర్వాత ఈరోజు మళ్లీ తుపాకీ పట్టుకున్నాను.

మా ఆసుపత్రి వార్డులో పనిచేసే సలీమా వాళ్ల తోటకి భోజనానికి పిలిచింది. తిన్నాక వాళ్లంతా కొండ మొదట్లో తెల్లరాళ్లు నిలబెట్టి గురి చూసి కాల్చడం మొదలుపెట్టారు. సలీమా తండ్రి తన తుపాకీ నా చేతిలో పెట్టి, "నువ్వూ కాల్చు, బింతీ" అన్నారు. బింతీ అంటే అరబ్బీలో 'నా బిడ్డా' అని.

చెంపకి తుపాకీ చెక్క తగలగానే మా మొక్కజొన్న చేను గుర్తొచ్చింది. అడవిపందుల కోసం మంచె మీద నాన్న పక్కన కూర్చున్న తెల్లవారుజాములు గుర్తొచ్చాయి. "ఊపిరి బిగబట్టకమ్మా, సగం వదిలి ఆగు" అనేవాడు. అలాగే చేశాను. రాయి ఎగిరిపడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

నాన్న పోయిన నెలకే ఆయన తుపాకీని తమ్ముడు నన్నడగకుండా పోలీస్ స్టేషన్లో అప్పగించేశాడు. ఆ కోపంతో ఇన్నేళ్లూ వాడితో సరిగా మాట్లాడలేదు. రూముకి రాగానే వాడికే ఫోన్ చేసి, ఇవాళ గురి చూసి కాల్చానని చెప్పాను.

"తగిలిందా అక్కా?"

"మొదటి దెబ్బకే రా. నాన్నది ఉంచి ఉంటే బాగుండేది."



"అప్పుడు నా మనసేం బాలేదక్కా. అది ఇంట్లో ఉంటే ఏం చేసుకుంటానోనని నా మీద నాకే భయమేసింది. అందుకే ఇచ్చేశా."

ఇప్పుడెలా ఉన్నావురా అని నేనడిగేలోపే, పనుందంటూ పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. పొద్దున డ్యూటీకి ముందే మళ్లీ చేయాలి. వాడి గొంతు ఇంకా చెవిలోనే ఉంది...