ఎర్ర కారుకి సంతకం వద్దు

ఏమండీ, నాకు పొద్దున డ్యూటీ పడింది, ఆస్పత్రికి వెళ్తున్నాను. లేచాక పాలు కాచి, బుజ్జిని బడిలో దింపండి. పదింటికి షోరూమ్ ఆయన కాగితాలు తెస్తాడు. ఆ ఎర్ర కారుకి మాత్రం సంతకం పెట్టకండి. బూడిద రంగు డబ్బా కారే ఖాయం చెయ్యండి.

మూడు నెలలుగా మైలేజీ, పికప్ అంటూ నా బుర్ర తినేశారు. బుజ్జి మాత్రం ఎక్కిన ప్రతి కారులోనూ వెనక కూర్చుని, కిటికీలోంచి వీధి కనపడుతుందా లేదా అన్నదొక్కటే చూసింది. బూడిద రంగుదాంట్లో వీధంతా కనపడిందట, మీ ఎర్రదాంట్లో ఆకాశం తప్ప ఇంకేం లేదంది. "నాన్నా, ఇది విమానమా?" అని అడిగితే, దాని చేతిలో బిస్కెట్ పెట్టారు.

ఇంజను గురించి మీ తమ్ముణ్ణి అడిగారు. రంగు గురించి పక్కింటాయన్ని కూడా అడిగారు. నన్ను మాత్రం అడగలేదు. మోకాళ్ల నొప్పులని ముందు సీటు ఎలాగూ అత్తయ్యగారిదే. బుజ్జి పక్కన వెనక కూర్చునేది నేనేనండీ.

తా.క.: నిన్న మీరు స్టీరింగ్ పట్టుకుని మురిసిపోతుంటే, వెనక సీట్లో బుజ్జి ఎత్తుకి వంగి నేనూ చూశాను. అది చెప్పింది పూర్తిగా నిజం కాదు. ఆకాశంతో పాటు మీ బట్టతల కూడా కనపడుతుంది. ఆకాశమైతే ఎప్పుడూ అంతే ఉంటుంది గానీ, రెండోది ఏటేటా పెరుగుతోంది.