కాఫీ రంగు బీరు

మునిరత్నం,

నిన్న నీ సంవత్సరీకం. నీతో ఓడలో పనిచేసిన ఒకాయన మద్రాసు నుంచి చిత్తూరుకు వచ్చి, నీ ఫోటో ముందు ఒక బీరు సీసా పెట్టి వెళ్ళిపోయాడు.

ఓడ దిగి వచ్చిన కొత్తలో బస్టాండు టీకొట్టు దగ్గర నువ్వు చెప్పిన బీరే అది. కాఫీ రంగులో ఉంటుందని, ముందు బెల్లం పాకం మాడిన రుచి తగులుతుందని, హాప్స్ అనే పూలు ఎక్కువ వేస్తారు కాబట్టి కమలాపండు తొక్క వాసన వస్తుందని, వాటి చేదు అన్నం తినేదాకా నాలుకను వదలదని చెప్పావు.

"కాఫీ నురగ జూసి బీరనుకుంటివేమో అబ్బా!" అని మొదట నవ్వింది నేనే. ఆ తర్వాత అందరికీ నువ్వు 'కాఫీ బీరు'వే. నీకు పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు నన్ను విచారిస్తే ఈ సంగతే చెప్పి, నీ నోట నిజం రాదన్నాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

నిన్న మీ అక్క ఆ బీరును స్టీలు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఆ ఇంట్లో తాగేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"మావోడు అబద్ధాలకోరని సంబంధమోళ్ళకు చెప్పింది నువ్వే గదప్పా. ఇప్పుడు తాగి చెప్పు. వాడు చెప్పినట్టే ఉండాదా?"

గ్లాసు వెలుతురుకు వంచి చూశాను. తాగాను. రంగు, బెల్లం, కమలా తొక్క, ఒక్కటీ తప్పలేదు.

"లేదక్కా, మామూలు బీరే," అని మిగిలిందంతా నేనే తాగేశాను.

ఆమె కిరోసిన్ పోసి పెట్టుకోవడానికి పనికొస్తుందని సీసా కడగడానికి తీసుకుపోయింది.

ఇంటికి వచ్చి అన్నం తినేదాకా చేదు పోలేదు.