అత్తగారి చెవి, నా లినక్స్

జూన్ 3
అత్తగారు హియరింగ్ ఎయిడ్లు రెండూ తీసి బీరువాలో పెట్టేశారు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడుకు బుర్ర పగిలిపోతోందట, మనుషుల మాటలేమో గొణుగుడులా ఉన్నాయట. ఇక వాటి జోలికి పోనన్నారు. భోజనాల దగ్గర మేం నవ్వుతుంటే ఆవిడ కంచంలోకి చూస్తూ తిన్నారు. 

జూన్ 4
ఎయిడ్లు అమర్చిన ఆడియాలజిస్టుకు ఫోన్ చేశాను. అత్తగారు గడప దాటనంటున్నారని చెప్పాను. అయితే ఎయిడ్లను యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రామింగ్ బాక్స్ పంపుతానంది. మా కంప్యూటర్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తను అక్కణ్ణుంచే సరిచేస్తుందట. మెలిక ఒక్కటే: ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది.

నాది లినక్స్, ఎవరైనా దాని కోడ్ తెరిచి చూసుకోవచ్చు. సోర్స్ కోడ్ చూపించని ప్రోగ్రాం ఒక్కదాన్ని కూడా పదేళ్ళుగా నా లాప్‌టాప్‌లోకి రానివ్వలేదు. మా ఆయన ఆఫీసు లాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ వేయనివ్వరు. ఇన్నాళ్ళ నా మడి మంటగలిసిందని ఆయన ఒకటే నవ్వు.

జూన్ 6, ఉదయం
బాక్స్ వచ్చింది. ఆలోచిస్తే, ఆవిడ చెవిలో పెట్టుకునే మెషీనే క్లోజ్డ్. దాని కోడ్ చూపించేదాకా వినొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వేస్తాను. కానీ నా లినక్స్ మీదే వేస్తాను.

జూన్ 6, సాయంత్రం
విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపించే వైన్‌ అనేదాంట్లో ప్రోగ్రాం తెరుచుకుంది. బాక్స్ మాత్రం దానికి కనిపించడం లేదట. ఎదురుగా పచ్చలైటు వెలుగుతూనే ఉంది, మొండిఘటం.

జూన్ 7
వైన్‌కు ఓ దండం పెట్టి, లినక్స్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లా వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో విండోస్ వేశాను. బాక్స్ కనిపించింది! అత్తగారిని బతిమాలి కూర్చోబెట్టాను. సెట్టింగులు సగం ఎక్కాక ఆడియాలజిస్టు ఏదో సరిచూసుకుంటూ ఆగింది. ఆ కాస్తలో బాక్స్ లైటు ఆరిపోయింది. కుడిచెవి ఎయిడ్ మూగబోయింది. అత్తగారు రెండోది కూడా తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. కుళాయి తిప్పి ఏడ్చాను.

జూన్ 8
దొరికింది. తప్పు విండోస్‌ది కాదు, కంపెనీదీ కాదు. బ్యాటరీ ఆదా అవుతుందని, పనిలేని యూఎస్‌బీ పోర్టు నిద్రపోయేలా నేనే ఎప్పుడో పెట్టుకున్నాను. అందరి కోడూ చూపించమని పోట్లాడేదాన్ని, నా సెట్టింగు నేను చూసుకోలేదు. ఆ పవర్ సేవింగ్ పీకేశాను. మొదట్నుంచి ఎక్కిస్తే ఎయిడ్ లేస్తుందని ఆడియాలజిస్టు అంది.

అత్తగారు ససేమిరా అన్నారు. ఇంకొక్కసారి అని కాగితం మీద రాసి చూపించాను. తల తిప్పుకున్నారు. అటు వెళ్ళి నిలబడ్డాను. ఇటు తిప్పుకున్నారు. ఇటు వచ్చాను. చివరికి నేను వదిలే రకాన్ని కానని తిట్టి, రేపు చూద్దామన్నారు.

జూన్ 9
పోర్టు కునుకు తీయలేదు. రెండు చెవులూ పూర్తయ్యాయి. ఎలా ఉందత్తయ్యా అని అడిగాను. అరవొద్దన్నారు. నేను అరవలేదు.

జూన్ 10
హాల్లో ఫ్యాన్ కిర్రుమంటోందట. మాకెవ్వరికీ వినపడలేదు. స్టూలెక్కి నూనె వేశాను.
ఇంకా ఉందట.