మావయ్య మీదికి పంపిన మనిషి

నోర్‌హాన్,
మే 4, 1999

ప్రియమైన ఐనార్ మావయ్యకి,

విబెక నమస్కారాలు. నువ్వు ఫోనెత్తవు, ఎత్తినా వినిపించుకోవు. అందుకే కలం పట్టుకున్నాను.

కిందటి ఆదివారం పడవ రేవులో నువ్వు అంటించిన కాగితం చూశాను. ప్రెబెన్ మోకాళ్ళు అరిగి పని మానేశాడనీ, ఇళ్ళ మీద రెల్లుకప్పులు నేయడానికి నీకు తోడు మనిషి కావాలనీ. ఆ మనిషిని నేనైతే ఎలా ఉంటుంది?

నవ్వకు. మునిసిపాలిటీ కుటుంబ సలహా కేంద్రంలో దాదాపు ఇరవయ్యేళ్ళు చేశాను. ఇప్పుడు ఏడాది సెలవులో ఉన్నాను. ఆగస్టు చివరికల్లా తిరిగి చేరతానో లేదో చెప్పాలి. నాకు చేరాలని లేదు, మావయ్యా. నలభై అయిదేళ్ళొచ్చాయి, మిగిలిన కాలం చేతులతో ఏదైనా చేయాలని ఉంది.

సరే, నీ సంగతులు రాయి. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? వేళకి తింటున్నావా? నిచ్చెన ఒంటరిగానే ఎక్కుతున్నావా? సాయంత్రాలు ఎవరైనా వచ్చిపోతుంటారా?

నీ మేనకోడలు
విబెక

తా.క.: మార్చిలో నీ డెబ్బై అయిదో పుట్టినరోజుకి జ్వరం వల్ల రాలేకపోయాను. మన ఆనవాయితీ ప్రకారం పుట్టినరోజుకి ఇంటి ముందు జెండా ఎగరేశావా, లేక ప్రెబెన్ వచ్చి ఎగరేసేదాకా అలిగి కూర్చున్నావా?


రోర్‌హోల్మ్ దీవి,
మే 11

మునిసిపాలిటీ వారి విబెకకి,

మావయ్య రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట కింద గీత గీసుకో.

అమ్మాయ్, నన్ను మరీ అంత అమాయకుణ్ణి అనుకున్నావా? డెన్మార్క్‌లో డెబ్బై అయిదు నిండినవాడి ఇంటికి మునిసిపాలిటీ మనిషిని పంపుతుందని నాకు తెలియదా? ప్రెబెన్ ఇంటికి ఒకావిడ వచ్చింది. మూడు ముక్కల కేకు తింది. నిద్ర పడుతోందా అంది, వేళకి తింటున్నారా అంది, ఎవరైనా వచ్చిపోతుంటారా అంది. పోతూ పోతూ చాపలన్నీ కాలితో కదిపి, తట్టుకుని పడతారు, తీసేయండి అంది. నీ నాలుగు ప్రశ్నల్లో మూడు ఆవిడవే. మిగిలింది, నిచ్చెన సంగతి, నా కోసం ప్రత్యేకంగా తయారుచేసి పంపారన్నమాట. ముసలాడు తలుపు తియ్యడు, మేనకోడలి చేత రాయిద్దాం అని ఎవరికి తట్టిందో గానీ, మంచి బుర్రే.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నిద్ర పడుతుంది. ఉదయం రై రొట్టె, ఉప్పుచేప. మధ్యాహ్నం ఉప్పుచేప, రై రొట్టె. పనికి మనిషి దొరికేదాకా చిన్న చిన్న అతుకులు నేనే వేసుకుంటాను. నన్ను కప్పు మీంచి దించాలని మీ ఆఫీసుకి ఉంటే వాళ్ళనే నిచ్చెనెక్కి వచ్చి దించమను.

ఐనార్

తా.క.: చాపలన్నీ నేలకి మేకులేసి కొట్టేశాను. ఇప్పుడు ఏనుగు వచ్చినా తట్టుకుని పడదు.


నోర్‌హాన్,
మే 19

ప్రియమైన మావయ్యా,

నన్నెవరూ పంపలేదు. ఒట్టు. నేను చూసేది పిల్లలున్న కుటుంబాలని. పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే విభాగం వేరే అంతస్తులో ఉంటుంది, వాళ్ళ కాఫీ కూడా మాకు ఇవ్వరు. నిద్ర గురించి అడిగింది నువ్వు మా అమ్మ తమ్ముడివి కాబట్టి.

నీ ఉత్తరం చూస్తే నీకు కోపం వచ్చినట్టు నాకు అనిపిస్తోంది. రావడం సహజమే. దాని గురించి మాట్లాడాలనిపిస్తే తొందరేం లేదు, నీకు వీలైనప్పుడు చెప్పు, నేను వింటాను.

పని సంగతి మాత్రం నిజం. బాల్కనీలో రెల్లు కట్టలు కట్టడం నేర్చుకుంటున్నాను. అరచేతులు గీసుకుపోయాయి. చాలా సంతోషంగా ఉంది.

విబెక

తా.క.: మేకుల తలలు పైకి లేచి లేవు కదా? ఊరికే అడిగాను. నిజంగా ఊరికే.


రోర్‌హోల్మ్,
మే 30

విబెకకి,

నీ ఉత్తరం ప్రెబెన్‌కి చదివి వినిపించాను. "దాని గురించి మాట్లాడాలనిపిస్తే" దగ్గరికి వచ్చేసరికి వాడు కాఫీ ముక్కులోకి పోయి దగ్గాడు. "ఒరేయ్ ఐనార్, ఏ మేనకోడలైనా మావయ్యకి ఇలా రాస్తుందా? మా మేనకోడలైతే 'కోపమెందుకు ముసలి మొండీ' అంటుంది, అంతే" అన్నాడు. నిజమే కదా?

అయినా ఇంత ఓపిగ్గా అడుగుతున్నావు, జవాబు చెప్పకపోతే నీ మీద మాట వస్తుందేమో. సాయంత్రాలు ఎవరూ రారు. మీ ఎల్లెన్ అత్తయ్య పోయి మూడేళ్ళవుతోందా, ఇప్పటికీ కాఫీకి రెండు కప్పులు తీస్తాను. తీశాక చూసుకుని ఒకటి లోపల పెట్టేస్తాను. అంతే. పెద్ద విషయం కాదు. నీకు అవసరమైతే రాసుకో, లేకపోతే మానేయ్.

ఐనార్

తా.క.: ప్రెబెన్ అడగమన్నాడు: వాడి కుక్క పొద్దస్తమానం గుమ్మంలో దిగులుగా పడుకుంటోందట. దానికి కూడా మీ ఆఫీసు వాళ్ళు ఉత్తరం రాస్తారా?


నోర్‌హాన్,
జూన్ 21

మావయ్యా,

రెండు కప్పుల సంగతి చదివాను. ఇరవయ్యేళ్ళ అనుభవంలో ఏదో ఒక మాట దొరకాలి కదా, దొరకలేదు. నాకూ అత్తయ్య గుర్తొచ్చింది, అంతే రాయగలను.

నేనెందుకు మానేస్తున్నానో నీకు సరిగ్గా చెప్పనే లేదు. కిందటి వేసవిలో నా స్నేహితురాలు ఇంటికి వచ్చింది. "విబెకా, నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాను!" అంది, కళ్ళనిండా నీళ్ళతో, సంతోషంతో. నేనేం చేశానో తెలుసా? రుమాళ్ళ డబ్బా ఆమె వైపు జరిపి, "ఇది చెప్పడానికి నీకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "నువ్వు ఇంటి దగ్గర ఉన్నావా, ఆఫీసులో ఉన్నావా?" అంది.

నాకు తెలియలేదు, మావయ్యా. అదే భయమేసింది. నా గొంతులోంచి వచ్చేది నా మాటో, ఆఫీసు మాటో నాకే తెలియకుండా పోయింది. మనుషులు మా దగ్గరికి వస్తారు, కొన్నాళ్ళకి రావడం మానేస్తారు. బాగుపడి మానేశారో, మా మీద విసిగి మానేశారో ఎవరూ చెప్పరు. ఇల్లు కప్పితే ఆ ఇంట్లో వాన కురుస్తోందో లేదో తెలుస్తుంది కదా. నాకు అంత మాత్రం తెలిస్తే చాలు.

కిందటి సోమవారం రాజీనామా ఇచ్చేశాను. నువ్వు చేర్చుకుంటావని కాదు. ఆ తలుపు తెరిచి ఉన్నంతసేపూ నేను గుమ్మంలోనే నిలబడతానని.

విబెక

తా.క.: బాల్కనీలో పిట్టగూడు పెట్టెకి రెల్లుకప్పు వేశాను. మర్నాడు ఒక పిచ్చుక వచ్చి, పుల్ల పుల్లా పీక్కుని తన గూటికి తీసుకుపోయింది. నా మొదటి ఖాతాదారు సరుకు మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.


రోర్‌హోల్మ్,
జులై 6

విబెకకి,

రాజీనామా అన్నమాట! మీ ఆఫీసు ఆటని చివరిదాకా ఆడుతుంది, ఒప్పుకోవాలి. స్నేహితురాలి కథ మాత్రం బాగుంది. ప్రెబెన్ కూడా నవ్వలేదు.

పని మాట వద్దు. కప్పు పూర్తవుతుందని నీకెవరు చెప్పారు? ఇవాళ నేసిన రెల్లు మీద రేపటినుంచే నాచు పుట్టడం మొదలవుతుంది. పైగా ఇది ఒక్కరు చేసే పని కాదు. నేను బయట కప్పు మీద ఉంటాను. తోడు మనిషి లోపల, అటక మీద, చీకట్లో, దుమ్ములో ఉంటారు. నేను తీగ ఎక్కించిన పెద్ద సూదిని రెల్లులోంచి లోపలికి గుచ్చుతాను. లోపలి మనిషి తీగని వాసం చుట్టూ తిప్పి, మళ్ళీ సూదికి ఎక్కించి బయటికి తోస్తారు. ఒకరికొకరు కనపడరు. నలభై ఏళ్ళు ఆ లోపలి మనిషి ఎల్లెన్. ప్రెబెన్ వచ్చింది తను పోయాకే.

నీకు చెబితే నవ్వుతావు. ఎల్లెన్ "కొంచెం ఎడమకి" అని ఊరుకునేది కాదు. "కొంచెం ఎడమకి, అన్నట్టు పాస్టరు గారి రెండో పిల్ల ఇల్లొదిలి వెళ్ళిపోయిందట, మొహం చూస్తే ముందే అనుకున్నాను, ఇదిగో తీగ" అనేది. దీవి మొత్తం వార్తలు నేను రెల్లులోంచే విన్నాను. ప్రెబెన్ మంచివాడే, కానీ "ఎడమ" అంటాడు, "కుడి" అంటాడు. రోజంతా అవే రెండు మాటలు.

ఎందుకు రాశానో తెలియదు. ఈసారి ఉత్తరంలో నువ్వు నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. నా వంతు అయిపోయిందా? ప్రెబెన్ ఇంటికి ఆవిడ రెండుసార్లే వచ్చింది. అందరికీ అంతేనా?

ఐనార్

తా.క.: మేకుల తలలు లేచి లేవు. అడిగావు కదా. రెండు నెలలైంది, ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను.


నోర్‌హాన్,
ఆగస్టు 9

మావయ్యా,

ఇక నా వల్ల కాదు. ఒక్కటే అడుగుతున్నాను. నన్ను పనిలోకి తీసుకుంటావా, తీసుకోవా? అవునా, కాదా?

ఇది ఆఫీసు ప్రశ్న కాదని ఎలా నమ్మించను? ఇదిగో రుజువు. మా ఆఫీసులో అవునా, కాదా తేల్చమని ఎవరినీ నిలదీయనివ్వరు. ఎదుటివాళ్ళు విప్పి చెప్పుకోవాలట. ఇన్నేళ్ళలో నేను ఇలా నిలదీసి అడగడం ఇదే మొదలు. అడుగుతుంటే ఎంత హాయిగా ఉందో!

ఇక్కడి బేకరీలో మనిషి కావాలన్నారు. తెల్లవారకముందే వెళ్ళి పిండి పిసకాలి. ఇరవయ్యో తేదీ, శుక్రవారంలోగా మాట ఇవ్వాలి. చేతిలో వేరే పని లేదు, అద్దె ఆగదు. నువ్వు కాదంటే వాళ్ళకి అవునంటాను. నీ మీద కోపం పెట్టుకోను. పెట్టుకున్నా, దాని గురించి మాట్లాడను.

విబెక

తా.క.: బేకరీ ఆయన "ఇదివరకు ఏం చేసేవారు?" అని అడిగాడు. చెప్పాను. అంతే, వాళ్ళావిడ సంగతి మొదలుపెట్టాడు. ఒక పెద్ద బుట్టెడు రొట్టెలు మాడిపోయాయి.


రోర్‌హోల్మ్,
ఆగస్టు 17

అమ్మాయ్ విబెకా,

ఇది శుక్రవారం లోపల నీకు అందాలని, పడవ సరంగు చేతికి ఇచ్చి, పట్నంలో దిగగానే పెట్టెలో వెయ్యమని మరీ చెప్పాను.

నిన్న నేను ఫోన్ చేశాను. అవును, నేనే. మా ఫోన్ వారం నుంచి పలకడం లేదు, అందుకని ప్రెబెన్ ఇంటికి వెళ్ళి, వాణ్ణి బయటికి పొమ్మని, మునిసిపాలిటీకి చేశాను. నీ మీద ఫిర్యాదు చెయ్యడానికి అనుకుంటావేమో. కాదు. నీ ఉత్తరం చూస్తే ఇదే ఆఖరుదేమోననిపించింది. అందుకని, డెబ్బై అయిదేళ్ళవాళ్ళకి మీరు రాయిస్తున్న ఈ ఉత్తరాలు చలికాలం దాకా పొడిగిస్తారా అని అడగడానికి చేశాను. పట్నం నుంచి టపా వచ్చే రోజున ఉదయాన్నే గడ్డం గీసుకోవడం అలవాటైంది, ఇప్పుడు మానుకోలేను అని కూడా చెప్పాను.

ఫోన్లో ఉన్న పిల్ల నా పేరు, ఊరు రాసుకుంది. తర్వాత, "తాతగారూ, మేము ఎవరికీ ఉత్తరాలు రాయించమండీ" అంది. "మా విబెక రాస్తోంది కదా" అన్నాను. "విబెక గారు జూన్లోనే మానేశారు కదండీ! ఆవిడ స్థానంలో మనిషి దొరక్క, మీ దీవివైపు వెళ్ళే ఆవిడని అటు మార్చాం. అందుకే మీ ఇంటికి ఇంకా ఎవరూ రాలేదు. అక్టోబరులో వస్తారు" అంది.

ఇన్నాళ్ళూ నాకు రాసింది మా అక్క కూతురన్నమాట. ఊరికే, తనకి తోచి.

నీకొక నిజం చెప్పాలి. నువ్వు ఆఫీసు పనిగా రాస్తున్నావనుకున్నాను కాబట్టే రెండు కప్పుల మాట చెప్పాను, ఎల్లెన్ మాట చెప్పాను. నా విబెకే అని తెలిసుంటే, "క్షేమం, వాన బాగా పడుతోంది" అని రాసి ఊరుకునేవాణ్ణి. సొంతవాళ్ళకి ఇలాంటివి చెప్పుకునే అలవాటు మన ఇంట్లో ఎప్పుడూ లేదు. మీ అమ్మకీ లేదు.

నీ గొంతు నీదో, ఆఫీసుదో తెలియడం లేదన్నావు. నాకూ తెలియలేదు, ఎవరి గొంతైనా సరే, జవాబు రాయాలనే అనిపించింది. ఆ గొంతుని ఎక్కడో పారేసి రావాలని చూడకు. కప్పు లోపల చీకట్లో ఉన్న మనిషి మాట్లాడకపోతే, బయట ఉన్నవాడికి సూది ఎటు తేలిందో తెలియదు.

కాబట్టి, అవును. సోమవారం మొదటి పడవకి రా. పాత బట్టలు తెచ్చుకో. రెల్లు వేసిన రాత్రి ఒళ్ళంతా దురద పెడుతుంది, అది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టకు.

నీ మావయ్య
ఐనార్

తా.క.: ఫోన్ పెట్టేసే ముందు ఆ పిల్ల, "విబెక గారు ఎలా ఉన్నారండీ? ఎక్కడైనా పని దొరికిందా? ఇక్కడ అందరం అనుకుంటూ ఉంటాం" అంది. దొరికింది అని చెప్పేశాను. నీకంటే ముందు ఆఫీసుకి తెలిసిపోయింది, ఏమీ అనుకోకు.