బురద మీద పడవ

మా మొండి కోడలికి,

మీ అత్తయ్య దీవెనలు. పక్క వీధిలోనే ఉన్నావు, వచ్చి చెప్పొచ్చు. కానీ ఎదుటపడితే నాకు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

ఏరు మళ్లీ పారాలంటే ఆనకట్ట కూల్చాలని ఊరంతటినీ ఒప్పించింది నువ్వు. దాని వెనక నిలిచిన నీళ్ల మీద పడవలు అద్దెకిచ్చి నీ మొగుణ్ణి పెంచింది నేను. అయినా నా బాధ పడవల గురించి కాదమ్మా. ఆ రోజు మీటింగులో, అంతమంది ముందు, "మేడమ్, మీ నష్టం మాకు తెలుసు" అన్నావు. రోజూ మా ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగే పిల్లకి నేను మేడమ్‌నైపోయానా అని కుమిలిపోయాను. అప్పుడే మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోదామని బట్టలు సర్దుకున్నాను.

తర్వాత నీళ్లు దించారు. బురదలో చిక్కుకున్న ఆల్చిప్పలు చచ్చిపోకుండా ఏరి పారే నీళ్లలో వేద్దామని దిగి, తొడల దాకా కూరుకుపోయావు. అబద్ధమెందుకు, కిటికీలోంచి చూసి "తిక్క కుదిరింది" అనుకున్నాను. అంతలో "అత్తయ్యా!" అని అరిచావు. అంతే, చుట్టూ ఎవరున్నారో కూడా చూడలేదు, ఒడ్డునున్న పాత పడవని బురద మీద తోసుకుంటూ వచ్చేశాను. అది పట్టుకుని బయటపడ్డావు. సాయంత్రం దాకా అదే పడవలో ఆల్చిప్పలు నింపి ఇద్దరం బండిలా లాగాం. "ఇది మాత్రం మునగదు అత్తయ్యా" అన్నావు. నవ్వి నవ్వి నా పక్కటెముకలు పట్టేశాయి.

ఇప్పుడు వంటింట్లోకి ఏటి చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్లూ ఆ నీళ్లకి చప్పుడే లేదు. నీ పుణ్యమా అని విన్నాను, చల్లగా ఉండు. కానీ నీళ్లు లేని చోట పడవలావిడకేం పని? ఆదివారం బయల్దేరుతున్నాను. కోపంతో మాత్రం కాదు.

మీ అత్తయ్య

అత్తయ్యకి,

ఆ రోజు మీటింగులో "అత్తయ్యా" అని ఉంటే నా నోట ఆ తర్వాత ఒక్క మాట వచ్చేది కాదు. మీ పొట్ట కొడుతున్నది నేనే కదా. మేడమ్ అనుకుంటేనే ఆ నాలుగు ముక్కలూ చెప్పగలిగాను. క్షమించండి.

వదినకి ఫోన్ చేసి మీరు రావట్లేదని చెప్పేశాను. తిడితే తిట్టండి, పడతాను. ఎగువన ఇంకో ఆనకట్ట కూలుస్తున్నారు, అక్కడా బురదే. మీ పడవ అద్దెకి కావాలి, దాంతో పాటు మీరూ కావాలి.

ఇంకో సంగతి. నేను కూరుకుపోయినప్పుడు నా వెనకే నాతో పనిచేసేవాళ్లు నలుగురు తాడు పట్టుకుని నిలబడ్డారు. మీరు వాళ్లని చూడలేదు. నేను చూశాను. అయినా మిమ్మల్నే పిలిచాను.

మీ కోడలు