సందు లేని కిటికీ

ఆసుపత్రి భవనాల ఇంజనీరు గారికి నమస్కారం.

కొత్త వార్డులో కాలికి కట్టుతో పడి ఉన్న రేడియో మెకానిక్‌ని. చుట్టాలను లోపలికి రానివ్వరు కాబట్టి మా ఆవిడ రోజూ కిటికీ అవతల తోటలో నిలబడి నాతో మాట్లాడుతుంది. మీ కొత్త కిటికీ పుణ్యమా అని ఒక్క మాటా లోపలికి రాదు. ఆవిడ పెదాలు కదుపుతుంది, నేను తలూపుతాను. తమరు గమనించాలి.

ఇట్లు,
కిటికీ పక్క మంచం

తా.క. నిన్న తలూపినందుకు నా స్కూటరు బావమరిదికి వెళ్లిపోయిందని నర్సమ్మ కబురు తెచ్చింది.


మహాశయా,

మీ ప్రశంసాపత్రం అందింది. మూడు పొరల అద్దం, మధ్యలో గాలి కదలని ఖాళీ, ఎండవేడిని దాటనివ్వని చట్రం. ఏసీలకు కరెంటు సగానికి సగం తగ్గింది. అయినా మెచ్చుకున్న మొదటి మనిషి మీరే. మీ ఉత్తరాన్ని పటం కట్టించి వరండాలో వేలాడదీశాం.

భవదీయుడు,
ఇంజనీరు

తా.క. 'పుణ్యమా అని' అన్న చోట ఎర్రగీత గీయించాం.


ఇంజనీరు గారూ,

అది ప్రశంస కాదు మహాప్రభో. మాట దూరేంత సందు ఒకటి కావాలి. నా తలూపు పుణ్యాన మా అత్తగారు వెనకగదిలో మకాం పెట్టారు. వినబడలేదని మా ఆవిడకే చెప్పొచ్చు కదా అంటారేమో. ఇన్నాళ్లూ వినకుండానే తలూపానని ఒప్పుకోవాలి. విరిగిన కాలైతే అతుక్కుంటుంది.

ఇట్లు,
అదే మంచం

తా.క. ఈరోజు అత్తగారు కూడా వచ్చి మాట్లాడారు. ఆవిడ మాట్లాడినంతసేపూ మాత్రం మీ కిటికీకి వంక పెట్టలేకపోయాను.


మహాశయా,

'సందు' అన్న మాట చూడగానే నా గుండె ఆగినంత పనైంది. మిగతాది చదవలేకపోయాను. సందు ఉంటే చల్లదనమంతా బయటికి పోయి ఏసీలు ఎండకు చాకిరీ చేస్తాయి. వెంటనే మనుషులను పంపి చట్రం చుట్టూ రబ్బరుపట్టీ మళ్లీ బిగించాం. ఇక చీమ కూడా దూరదు.

భవదీయుడు,
ఇంజనీరు

తా.క. పనివాళ్లను చూసి మీరు రెండు చేతులూ ఊపారట. వాళ్లూ సంతోషించారు.


అయ్యా,

మీకు దణ్ణం పెడతాను, ఈ ఉత్తరం చివరిదాకా చదవండి. మా ముందుగది నిండా పాత రేడియోలు. జనం పారేసినవి తెచ్చుకుని ఒక్కోదానికీ ప్రాణం పోశాను. శుక్రవారం పాతసామాన్లవాడు వచ్చి అన్నీ పట్టుకుపోతాడట. దానికీ తలూపానట. అవి లేని ఇంటికి వెళ్లి నేనేం చేసుకోను? కిటికీ అయినా తెరిపించండి, మీరైనా వెళ్లి ఆవిడతో మాట్లాడండి.

దిక్కుతోచక,
మీ మంచం

తా.క. తలూపకూడదని మెడ బిగబట్టాను. పట్టేసింది. ఇప్పుడు పైకీ కిందికీ తప్ప అడ్డంగా తిరగడం లేదు.


మహాశయా,

కిటికీ తెరిస్తే బయటి దుమ్మంతా రోగుల మీదికి వస్తుంది. అందుకే నేనే తోటలోకి వెళ్లాను. మీ ఆవిడ నవ్వారు.

"ఆ అద్దంలోంచి ఏమీ వినబడదని మొదటిరోజే తెలుసండీ. ఉత్తినే పెదాలు కదుపుతున్నాను. స్కూటరు సంగతీ, మా అమ్మ సంగతీ, రేడియోల సంగతీ అన్నీ ఆయన కాలు విరక్కముందే ఇంట్లో అడిగాను. రేడియోలో తల దూర్చుకుని అన్నింటికీ ఊపారు. ఇక్కడైనా ఒక్కసారి 'ఏమన్నావ్' అంటారేమోనని రోజూ వస్తున్నాను. అడిగితే చాలు, రేడియోలు ఎక్కడికీ పోవు."

కాబట్టి లోపం కిటికీలో లేదని మనవి.

భవదీయుడు,
ఇంజనీరు

తా.క. ఇది రాస్తుండగా మా ఆవిడ ఏదో అడిగింది. తలూపాను. అదేమిటో కనుక్కోవడానికి లేస్తున్నాను.


ఇంజనీరు గారికి,

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ ఉదయం ఆవిడ రాగానే "ఏమన్నావ్?" అని గొంతు చించుకుని అడిగాను. వార్డంతా ఉలిక్కిపడింది. అద్దం అవతల ఆవిడకు వినబడలేదు. తలూపింది.

మళ్లీ అడిగాను. మళ్లీ ఊపింది. మనసులో మాట అడిగితే ఉత్త తలూపే జవాబుగా వస్తే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. చివరికి నర్సమ్మ చేత అదే ప్రశ్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి అద్దానికి ఆనించాను. ఆవిడ చదివి, గడ్డిలోనే కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాతసామాన్లవాణ్ణి రావద్దన్నదట.

అయితే ఒక మనవి. ఆ కాగితం చూపించేలోపు, ఆవిడ ఎలాగూ తలూపుతోంది కదా అని, మరికొన్ని కూడా అడిగేశాను. కాబట్టి దయచేసి ఆ కిటికీ జోలికి వెళ్లకండి. రబ్బరుపట్టీ ఇంకో వరస వేయించినా సంతోషమే.

కృతజ్ఞుడు,
రేడియో మెకానిక్

తా.క. ఆవిడ తలూపిన వాటిలో వచ్చే ఆదివారం మీ ఇంటిల్లిపాదికీ మా ఇంట్లో భోజనం కూడా ఉంది. తప్పకుండా రండి. ఆవిడకింకా తెలియదు.